పండు పోయినను పత్రము మిగులును

2019 డిసెంబరు మాసమున అమెరికాలోని మయామీ బీచ్ నగరమందు జరిగిన కళాసంతలో, మౌరిజియో కాటెలాన్ అను ఇటలీదేశపు కళాకారుడు ఒక అరటిపండును గోడకు టేపుతో అంటించి, దానికి 'కమెడియన్' అని నామకరణము గావించి, 1,20,000 డాలర్లు వెలకట్టగా, కొనెడువారు కొనిరి, నవ్వెడువారు నవ్విరి. డేవిడ్ దతూనా అను మరియొక కళాకారుడు మాత్రము ఆ పండును గోడనుండి ఊడబెరికి, జనులు చూచుచుండగా ఒలిచి ఆరగించెను. కళాఖండము కడుపులోనికి పోయినదని ప్రదర్శకులు గుండెలు బాదుకొనియుందురని మీరు తలంచినచో, మీకు నవీనకళాపరిచయము చాలదన్నమాట. వారు ఇంకొక పండు తెచ్చి అంటించిరి.

కొన్నవానికి దక్కునది పండు కాదు, ధ్రువపత్రము. పండు వాడినప్పుడెల్ల క్రొత్తదానిని ఎట్లు అంటింపవలెనో తెలుపు విధినిర్ణయము. దేహము నశించును, ఆత్మ నశింపదని మన పెద్దలు వేలయేండ్లుగా అరుగులమీద కూర్చుండి ఊరకే చెప్పుచువచ్చిరేగాని, ఆ ఆత్మకు సంతకముచేసిన పత్రమొకటి జతపరచి అమ్మవచ్చునన్న ఊహ పాపము వారికి తట్టలేదు. 2024 నవంబరులో న్యూయార్కు నగరపు సోదబీస్ వేలములో, వీథిలో 35 సెంట్లకు కొన్న పండు తోడుగా, ఆ పత్రము 62 లక్షల డాలర్లు, అనగా నాటి మన లెక్కను సుమారు 52 కోట్ల రూపాయలు పలికెను. పాడుకొన్న క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్ హాంగ్‌కాంగులో విలేఖరులను పిలిచి మరీ పండు తినెను. ఆకలి విషయమున ఈ కళకు వంకపెట్టలేము.

మా మేనల్లుడును చిత్రకారుడే. వానికి అరటిపండు తోచలేదు. మా ఊరి చెరువును, చాకిరేవును, గట్టుమీది తాడిచెట్లను రెండేండ్లపాటు తైలవర్ణములతో వేసినాడు. ఇప్పుడొక సంస్థవారి కళాకారసహాయపథకమునకు దరఖాస్తు చేయబూని, కుంచెలను అటకెక్కించి, నిఘంటువులు ముందువేసికొని కూర్చున్నాడు. ఏలయనగా ఆ ఫారమున బొమ్మకు కేటాయించిన స్థలము తపాలాబిళ్లయంత, బొమ్మనుగూర్చిన వివరణకు 800 మాటలు. "జలస్మృతుల స్థానభ్రంశమును, గ్రామీణావకాశమున దేహశ్రమయొక్క అదృశ్యతను ప్రశ్నించు ప్రయోగము" అని వాడు చదివి వినిపింపగా, నాకు నోరాగక, "ఒరే, ఇది మన చెరువు కదరా!" అంటిని.

"చెరువని రాస్తే చెరువే అనుకుంటారు మామయ్యా" అన్నాడు.

వానిని ఓదార్చుటకై డెన్మార్కు కథ యెత్తుకొంటిని. 2021లో ఆల్బోర్గు పట్టణపు కున్‌స్టెన్ మ్యూజియమువారు, నోట్లు అతికించిన చట్రములతో సగటు మనిషి ఆదాయమును చూపుమని, యెన్స్ హానింగ్ అను కళాకారునికి 5 లక్షల క్రోనర్లకు పైగా ఎరువిచ్చిరి. అతడు రెండు ఖాళీ చట్రములను పంపి, వానికి 'డబ్బు పుచ్చుకొని పారిపో' అని పేరుపెట్టెను. వారును వానిని ప్రదర్శించిరి! రెండేండ్లకు న్యాయస్థానము, పారితోషికము మినహాయించుకొని తక్కినది తిరిగి చెల్లింపుమని తీర్పు చెప్పెను. బొమ్మ వేయనివానికిని పారితోషికము ముట్టినదన్నమాట. మావానికి ఈ కథవలన ఓదార్పుకంటె ఈర్ష్యయే యెక్కువ కలిగినది.

ఒకప్పుడు మన రాజమహేంద్రవరమున మాత్రము ఓస్వాల్డ్ కూల్డ్రే అను కళాశాలాధ్యక్షుడు, దామెర్ల రామారావు అను చిత్రకారుని బొమ్మలను చూచి, చూచినంతమాత్రమున వాని విలువ గుర్తించి, బొంబాయి జె.జె. కళాశాలకు పంపించినాడు; ఆయన 800 మాటలు అడిగినట్లు నేనెక్కడను చదువలేదు. రామారావు 1925లో, 28 ఏండ్లయినను నిండకమునుపే, కాలధర్మము నొందెను. ఆయన చిత్రములు నేటికిని ఆ ఊరి చిత్రశాలలో నున్నవి.

మేనల్లుని దరఖాస్తు మొన్న వెళ్లినది. దానితో చెల్లించిన వేయి రూపాయల రుసుము ఏ కారణముచేతను తిరిగి ఇయ్యబడదని ఆ ఫారము అడుగున, చెరువన్నవానికి చెరువే స్ఫురించునంత తేటతెలుగులో, ముద్రించియున్నది.