పది వేలు మిగిల్చిన మొనగాణ్ణి

మీ దగ్గర దాపరికం ఎందుకు? తగ్గింపు ధర చూసి కొని, ఇప్పటికీ అట్టపెట్టె విప్పని వస్తువు మీ అటక మీదా ఒకటి ఉండే ఉంటుంది. కాబట్టి నన్ను క్షమిస్తారని నాకు తెలుసు.

2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశానికి వచ్చింది. డిస్కు పెట్టుకునేది 49,990 రూపాయలు. డిస్కు పెట్టే సందే లేనిది 39,990. ఆడే సత్తా రెండింటికీ ఒకటే. పది వేలు మిగులు! నాలాంటి మేధావికి ఇంకేం కావాలి? "డిస్కులేమిట్రా, గ్రామఫోను కాలంలో ఉన్నామా?" అని మా బావమరిదికి అరగంట క్లాసు పీకి, సందు లేనిది కొన్నాను. వాడు అంతా విని, తలూపి, వెళ్లి డిస్కుదే కొన్నాడు. పిచ్చి సన్నాసి అని జాలిపడ్డాను.

ఇక అల్మరాలో 32 ప్లేస్టేషన్ 4 డిస్కులు మిగిలాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గొంతు బొంగురుపోయేలా బేరమాడి తెచ్చి, పెట్టె పెట్టెకీ స్కెచ్ పెన్నుతో పేరు రాసుకున్నవి. వాడి మిషన్‌లో అవి ఆడతాయి, నా దాంట్లో ఆడవు. అన్నీ మూటగట్టి ఆరు వేలకు వాడికే అమ్మేశాను. "బయటివాళ్లకైతే ఈ రేటుకి ఇవ్వను" అని ఒక ముక్క కూడా అన్నాను.

ఆ తర్వాత సేల్ అనే జబ్బు పట్టుకుంది. 60 శాతం తగ్గింపు, 75 శాతం తగ్గింపు, ఇంకో రెండు గంటలే గడువు! అర్ధరాత్రి దుప్పట్లో ఫోను పెట్టుకుని కొన్నాను. మూడేళ్లలో 140 గేములు. ఆడినవి పదకొండు. ఆ పదకొండులో ఆరు, నేను అమ్ముకున్న డిస్కుల్లో ఉన్నవే! మిగిల్చిన పది వేలు ఎప్పుడు కరిగాయో మా ఆవిడ లెక్క కట్టింది. నేను వినలేదు.

దసరాకి హనుమకొండ, అత్తారింటికి వెళ్లాం. గొప్ప చూపించాలిగా, మిషన్‌ను పసిబిడ్డలా తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లాను. "మా నాన్న దగ్గర 140 ఉన్నయ్" అని మావాడు చాటింపు వేశాడు. పిల్లలు స్పైడర్‌మ్యాన్ అన్నారు. ఓస్ అంతేనా అన్నాను. తీరా చూస్తే అది మిషన్‌లో లేదు. 825 జీబీ అంటారు గానీ మనకు దక్కేది 667. కొత్తది ఎక్కించడానికి దాన్ని నేనే చెరిపాను. మళ్లీ దించుదామంటే వాళ్ల నెట్టు రాదు, నా ఫోన్ డేటా పెట్టాను, అది అయిపోయింది, మా ఆవిడ ఫోన్ లాక్కున్నాను, అదీ అయిపోయింది, మామగారి ఫోన్ అడిగాను, ఆయన నన్ను ఎగాదిగా చూశారు, మొత్తానికి నాలుగు శాతం దిగింది!

"పిల్లలు ఎంతసేపని చూస్తరు బావా" అంటూ బావమరిది లేచి, తన మిషన్‌లో డిస్కు తోశాడు. నిమిషంలో ఆట మొదలు. వాడి కొడుకు పెట్టె తిరగేసి, ఇల్లంతా వినపడేలా అడిగాడు: "మామయ్యా, దీనిమీద నీ పేరుందేంది?"

అప్పుడు గానీ తెలియలేదు, నేను వదులుకున్నది ప్లాస్టిక్ బిళ్ల కాదని. ఆడిందాన్ని అమ్ముకోవచ్చు, పక్కింటి కుర్రాడికి అరువివ్వొచ్చు, వాడు తిరిగివ్వకపోతే తిట్టుకోవచ్చు. నా 140లో ఒక్కటైనా ఎవరికైనా ఇవ్వగలనా? డిజిటల్‌గా అమ్మేది సొంతం కాదు, వాడుకునే లైసెన్సు మాత్రమేనని కొనేముందే చెప్పాలంటూ కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. నాకు చెప్పినా వినేవాణ్ణా! డిస్కూ అమృతభాండమేం కాదు లెండి. 2014లో వచ్చిన 'ద క్రూ' ఆటకు 2024 మార్చి 31న సర్వర్లు ఆపేస్తే, డిస్కు ఉన్నవాళ్లకూ అది బిళ్లగానే మిగిలింది. ఈ మాట బావమరిదికి చెప్పి కాస్త ఊరట పొందాను. వాడు ఎప్పట్లాగే తలూపాడు.

బయల్దేరేటప్పుడు వాడే స్పైడర్‌మ్యాన్ డిస్కు నా సంచిలో పెట్టాడు. "తీస్కపో బావా, ఆడినంక ఇయ్యి." నా డిస్కు నాకే అరువు! కళ్లు చెమర్చాయి. వాణ్ణి కౌగిలించుకుని కారెక్కాను. జనగామ దాకా మెచ్చుకుంటూనే ఉన్నాను.

జనగామ దాటాక మా ఆవిడ నెమ్మదిగా అడిగింది: "ఇంతకీ, దాన్ని ఎక్కడ పెడతారు?"