కుక్కల పేరిట ఏసీ

మే నెల బెజవాడలో పట్టపగలు ఏసీలో కూచోవడం మా ఇంట్లో అందరికీ ఇష్టమే. ఆ స్విచ్చి నొక్కిన పాపం మాత్రం ఎవరికీ అక్కర్లేదు. రాత్రి తొమ్మిది దాటాక వేస్తే అవసరం, మధ్యాహ్నం వేస్తే దుబారా అని మా నాన్నగారు పెట్టివెళ్ళిన చట్టం ఇంకా అమల్లో ఉంది మరి. అలా చాలా ఏళ్ళు ఉడికాం. తర్వాత ఇంట్లోకి రెండు కుక్కపిల్లలొచ్చాయి. చట్టానికి కంత దొరికింది.

ఒకటి స్నోయీ. పొమేరియన్ అని అమ్మారు, ఇండియన్ స్పిట్జ్ అని డాక్టరుగారు తేల్చారు. 1994లో ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ సినిమాలో క్రికెట్‌కి అంపైరుగా నిలబడిన టఫీ ఉందే, ఆ వంశం. రెండోది రాకెట్, డాక్స్‌హుండ్. జర్మనీలో బొరియల్లో దూరి జంతువుల్ని పట్టడానికి పెంచిన జాతి. మా ఇంట్లో సోఫా కింద దూరి చెప్పుల్ని పడుతుంది. మా అమ్మకి ఈ పేర్లు నోరు తిరగవు. ఆవిడకి ఒకటి తెల్లది, ఇంకోటి పొడుగుది.

కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదట. అరికాళ్ళలో ఏదో కాస్త. వేడి పోవాలంటే నాలుక వేలాడేసి వగర్చాల్సిందే. దాని మామూలు ఒంటివేడే 101 నుంచి 102.5 డిగ్రీలు. డాక్టరుగారు చెప్పిన ఈ ముక్కలే ఇంటికొచ్చి చెప్పాను. “నోరులేని జీవాలురా అబ్బాయ్! ఏసీ వెయ్యి,” అంది అమ్మ. మూడేళ్ళ కిందట కుక్క గడప తొక్కిందని పసుపునీళ్ళు చల్లిన మనిషి!

ఏసీ వేశాను. ఒంటరిగా ఉంటే భయపడతాయని అమ్మ దిండు తెచ్చుకుంది. అత్తయ్యగారికి తోడని మా ఆవిడ గోరుచిక్కుళ్ళ పళ్ళెంతో వచ్చింది. పిల్లలెప్పుడొచ్చారో తెలీదు. రెండు వీధుల అవతలుండే మా బావమరిది, అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని, “మేనల్లుళ్ళని ఓసారి చూసిపోదామని,” అంటూ దిగాడు. చూడ్డం సాయంత్రం అయిదున్నరకి గానీ పూర్తవలేదు.

2020 నుంచి వచ్చే ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. మావాడు రిమోట్ అందుకుని 18కి దించాడు. “తెల్లదానికి బొచ్చెక్కువ బావా!” పోనీ ఆ బొచ్చు తీయిద్దామంటే, వద్దన్నారు డాక్టరుగారు. ఆ రెండు పొరల బొచ్చే దాని ఒంటికి ఎండ తగలకుండా కాస్తుందట. ఆ మాట విని మా బావమరిది ఎంత తేలికపడ్డాడని!

కుక్కలకని నిజంగా పడే శ్రమ నాది. తెల్లారకట్ల అయిదింటికి నడక. సాయంత్రమైతే ముందు అరచేతి వెనకవైపు రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు లెక్కపెట్టాలి. మన చెయ్యి ఓర్చుకోలేకపోతే వాటి పాదాలూ ఓర్చుకోలేవు. నేను నడిరోడ్డు మీద వంగి ఉంటే, “భూదేవికి దణ్ణమా మాస్టారూ?” అని ఎదురింటాయన అడిగారు. ఏ మొక్కో ఏమిటో, మర్నాటి నుంచి ఆయనా వంగుతున్నారు. మామిడిపళ్ళ కాలం ఇంకో నరకం. చిన్నరసం టెంక పేగుల్లో అడ్డంపడితే ఆపరేషనే. అందుకని తిన్నవాళ్ళ టెంకలు నేనే లెక్కపెట్టుకుంటాను.

ఇంతా చేస్తే వచ్చిన చిక్కేమిటంటే, ఆ రెండింటికీ ఏసీ పట్టదు. పది నిమిషాలు ఉండి తలుపు గీకుతాయి. తీస్తే నేరుగా స్నానాలగదికి. తడి గచ్చు మీద పొట్ట పరిచి, వెనక్కాళ్ళు కప్పలా చాచి పడుకుంటుంది తెల్లది. బొచ్చు తడిసి అంటుకుపోయాక చూస్తే అసలు కుక్క సగమే. పొడుగుది తూము జాలీ మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని ఆ కంపంతా ఆప్యాయంగా పీలుస్తూ ఉంటుంది. ఖర్చు రెండు చెంబుల నీళ్ళు. ఇవతల 18 డిగ్రీల్లో మనుషులు దుప్పట్లు లాక్కుంటున్నారు.

రోహిణి కార్తె వచ్చిన రెండోరోజు మధ్యాహ్నం కరెంటు బిల్లు కొట్టే అబ్బాయి వచ్చాడు. మిషన్లోంచి చీటీ సాగుతూనే ఉంది. “ఏసీ బాగా వాడుతున్నారండీ,” అన్నాడు.

“మాకెందుకు నాయనా? కుక్కల కోసం!” అంది అమ్మ, భుజాల మీద శాలువా సర్దుకుంటూ.

సరిగ్గా అప్పుడే రెండూ స్నానాలగదిలోంచి వచ్చి, అతని కాళ్ళ దగ్గర నిలబడి ఒళ్ళు విదిలించుకున్నాయి. అతను తడిసిన ప్యాంటు చూసుకున్నాడు. కుక్కల్ని చూశాడు. తర్వాత మా అమ్మ శాలువా చూశాడు.

“ఒరేయ్ అబ్బాయ్,” అంది అమ్మ, గొంతు తగ్గించి, “ఆ రెండిట్నీ తుడిచి లోపల కూచోబెట్టరా. ఇతను గేటు దాటేదాకానన్నా.”