పేర్లు కలిశాయి

పేర్ల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. కుబెర్నెటీస్ క్లస్టర్ ముంబైలో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా నేమ్‌స్పేస్ పేరు, సర్వీసు పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలని మా టీములో చట్టం చేసింది నేనే. టెస్టు క్లస్టర్‌కూ అదే చట్టం. ఎవరైనా పేరు వెనక ‘టెస్ట్’ అని తోక తగిలిస్తే దగ్గరుండి పీకించేవాణ్ణి. అక్కడ నడిచిన ఫైలు ఇక్కడా అలాగే నడవాలి కదా!

క్లస్టర్లు విడివిడిగా ఉన్నంతకాలం ఇబ్బంది రాలేదు. ఊరూరా రామాలయం ఉంటుంది. గుడికి దారి అడిగితే ఆ ఊళ్లోదే చూపిస్తారు. సర్వీసు పేరు చివర ‘క్లస్టర్.లోకల్’ అని ఉంటే ఆ పేరు ఆ క్లస్టర్ పొలిమేర దాటదు.

తర్వాత మల్టీ క్లస్టర్ సర్వీసుల ఏపీఐ తెచ్చి, క్లస్టర్లను ఒకే గుంపుగా, అంటే క్లస్టర్‌సెట్‌గా కలిపాం. ఒకచోట సర్వీస్ ఎక్స్‌పోర్ట్ రాస్తే మిగతా క్లస్టర్లలో సర్వీస్ ఇంపోర్ట్ దానంతటదే పుడుతుంది. పేరు చివర ‘క్లస్టర్‌సెట్.లోకల్’ వస్తుంది. ముంబై పడకేసినా హైదరాబాద్ పాడ్లు పని అందుకుంటాయి. షరతు ఒక్కటే: ఒకే నేమ్‌స్పేస్‌లో ఒకే పేరుతో ఎక్స్‌పోర్ట్ అయినవన్నీ ఒకే సర్వీసు కింద లెక్క. కుబెర్నెటీస్ 1645వ నంబరు ప్రతిపాదనలో ఇది స్పష్టంగా రాసి ఉంది. నేను మాత్రం ఉదాహరణ ఫైలు ఒక్కటే కాపీ కొట్టుకొచ్చాను. డాక్యుమెంట్లు చదవడం కొత్తగా చేరినవాళ్ల పనని అప్పట్లో నా అభిప్రాయం.

పైగా పర్యవేక్షణంతా ఒకేచోట కనబడుతుందని టెస్టు క్లస్టర్‌నీ అదే క్లస్టర్‌సెట్‌లో చేర్చాను. అడిగి మరీ ఫైర్‌వాల్ తెరిపించాను. పేమెంట్స్ సర్వీసు ఎక్స్‌పోర్ట్‌ను ఒక్క కమాండుతో మూడింటికీ పంపాను. చట్టప్రకారం పేర్లు చక్కగా కలిశాయి.

ముంబైలో నాలుగు పాడ్లు, హైదరాబాద్‌లో నాలుగు, టెస్టులో ఒకటి. తొమ్మిది రిక్వెస్టుల్లో ఇంచుమించు ఒకటి టెస్టు పాడ్‌కు పోసాగింది. దాని వెనక ఉన్నది ఉత్తుత్తి బ్యాంకు. ఏమడిగినా ‘చెల్లింపు పూర్తయింది’ అంటుంది. ఎర్రర్ వచ్చి ఉంటే అలారమైనా మోగేది. డ్యాష్‌బోర్డు మాత్రం పచ్చగా కళకళలాడుతోంది, ఖాతాల్లో డబ్బు కదలడం లేదు.

నేను నెట్‌వర్క్ టీము మీద పడ్డాను. రెండు ఊళ్ల మధ్య ప్యాకెట్లు పోతున్నాయని పొడుగాటి మెయిలు రాసి, వాళ్ల మేనేజర్ని కాపీలో పెట్టాను. హైదరాబాద్ పాడ్లన్నీ రీస్టార్ట్ చేయించాను. ప్యాకెట్ పోతే టైమౌట్ రావాలి గానీ ‘పూర్తయింది’ అని జవాబెలా వస్తుంది? ఈ మాత్రం ప్రశ్న నా బుర్రకు తట్టలేదు.

ఆ టీములో ఒకమ్మాయి నా మెయిలుతో వాదన పెట్టుకోలేదు. సర్వీసు వెనక ఏ పాడ్లున్నాయో చెప్పే ఎండ్‌పాయింట్ స్లైసుల జాబితా తీసి పంపింది. ఏ స్లైసు ఏ క్లస్టర్‌దో చెప్పే లేబుల్ దాని మీదే ఉంటుంది. రెండు క్లస్టర్ల పేర్లు ఉండాల్సిన చోట మూడున్నాయి.

టెస్టులో ఎక్స్‌పోర్ట్ తీసేశాక తప్పుడు చెల్లింపులు ఆగాయి. అప్పటికే పోగుపడ్డ లెక్కలు సరిచేయడానికి అకౌంట్స్ వాళ్లు పడ్డ పాట్లు వాళ్లే చెప్పాలి. టెస్టుకిప్పుడు వేరే క్లస్టర్‌సెట్. పేర్ల చట్టాన్ని నేను ఎత్తేయలేదు, ఎత్తేయను కూడా. ఆ అమ్మాయి మాత్రం నేను ‘నెట్‌వర్క్’ అని నోరు తెరిస్తే చాలు, “స్లైసులు చూశారా సార్?” అంటుంది.