మెరిసే ట్యాంకు, అరిచే చైను

పన్ను తగ్గిన సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు. షోరూం వాడికి మనిద్దరికంటే బాగా తెలుసు. 2025 సెప్టెంబరు 22న, దేవీ నవరాత్రులు మొదలైన రోజే, 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. లక్ష రూపాయల మూలధర ఉన్న బండి మీద పదివేలు మిగిలాయి. ఆ పదివేలు కొన్నవాడి దగ్గర ఎంతసేపు నిలిచాయంటే, బిల్లు కౌంటర్ నుంచి యాక్సెసరీస్ కౌంటర్ దాకా నడిచినంతసేపు. అక్కడ టై కట్టుకున్న కుర్రాడు నవ్వుతూ ఎదురొస్తాడు. "సార్, సెరామిక్ వేయించేద్దామా, టెఫ్లాన్ చాలా?" అంటాడు. రెండూ వద్దనే వెసులుబాటు ఆ ప్రశ్నలో లేదు.

అప్పటినుంచి బెంగళూరులో మారతహళ్ళి, మున్నేకొళాల, బీటీఎం లేఅవుట్ పీజీల ముందు మనవాళ్ళ మాటలు మారాయి. నెల్లూరు కుర్రాడు అనంతపురం కుర్రాణ్ణి అడుగుతున్నాడు: "నీది ఎన్ని లేయర్లు మామా?" బండి ఎలా నడుస్తోందిరా అని నేనడిగితే, "షైనింగ్ చూడన్నా!" అని ట్యాంకు మీద వేలు జార్చి చూపిస్తున్నాడు. నడకకూ నునుపుకూ ఉన్న సంబంధం ఏమిటో ఆ వేలికే తెలియాలి.

ఈ సెరామిక్ కోటింగ్‌కు ఒక బిరుదు ఉంది, 9హెచ్. షోరూంలో ఆ మాట ఎలా పలుకుతారంటే, వజ్రం గట్టిదనం పది, మాది తొమ్మిది, ఇక మీ ఇష్టం అన్నట్టు. ఆ తొమ్మిదికీ వజ్రానికీ చుట్టరికం లేదు. అది పెన్సిళ్ళ లెక్క. బళ్ళో గీసిన హెచ్‌బీ పెన్సిల్ గుర్తుందా? ఆ వరుసలో గట్టి కొసన ఉండేది 9హెచ్. ఆ పెన్సిల్‌తో గీకితే పూత మీద గీత పడలేదని దాని అర్థం. కాబట్టి మీ బండిని ఎవరైనా డ్రాయింగు మాస్టారు పెన్సిల్ పట్టుకుని తరుముతుంటే మీరు నిశ్చింతగా ఉండవచ్చు. సిల్క్ బోర్డు దగ్గర హ్యాండిల్ రాసుకుంటూ దూరే ఆటో, పీజీ సందులో తాళంచెవితో గీసే పోకిరీ, కంకర లారీ నుంచి ఎగిరొచ్చే రాయి మాత్రం పెన్సిళ్ళు కావు.

టెఫ్లాన్ సంగతి ఇంకా బాగుంటుంది. దోసె పెనానికి టెఫ్లాన్ పట్టుకోవాలంటే దాన్ని 350 డిగ్రీలకు పైన కాల్చాలి. షోరూం వెనక షెడ్డులో మాత్రం ఓ అబ్బాయి గుడ్డతో రుద్దుతాడు, అరగంటలో పట్టేస్తుంది. పెట్రోలు ట్యాంకును 350 డిగ్రీలకు కాలిస్తే వచ్చే మెరుపు వేరే రకం కనుక, వాడు గుడ్డతో ఆపడం మంచిదే. కానీ అంత రుద్దీ వాడు పూసింది దాదాపుగా మంచి పాలిష్. దానికి పాలిష్ ధరే తీసుకుంటే నాకు పేచీ లేదు.

అసలు మోటారు సైకిల్లో రంగు ఉండేదెంత? ట్యాంకు, ముందు మడ్‌గార్డు, పక్క డొప్పలు రెండు. మిగిలిందంతా ఇంజిను, రబ్బరు, నల్ల ప్లాస్టిక్కు, చైను. మైక్రాన్లలో కొలిచే పూతను ఆ కాస్త రంగు మీద రుద్ది, వారంటీ కార్డు కూడా ఇస్తారు. ఆ కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఓ షరతు ఉంటుంది, కొన్ని నెలలకోసారి వచ్చి పూతకు మళ్ళీ పూత వేయించుకోవాలట. మనవాడు ఫోన్లో రిమైండర్ పెట్టుకుని మరీ వెళ్తాడు. ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో వాడి ఫోనుకూ తెలియదు, వాడికీ తెలియదు. పూతకు సర్వీసింగ్ ఉంది, బండికి లేదు.

చక్రాల్లో నైట్రోజన్ నింపించే వాళ్ళున్నారు. మామూలు గాలిలో అది 78 శాతం ఉంది, పంక్చర్ షాపు వాడు ఇన్నేళ్ళూ ఉచితంగా కొట్టినదీ అదే. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చిందని హడలి, ట్యాంకులో ఏవో సీసాలు వొంపేవాళ్ళున్నారు. ప్రెషర్ పంపుతో చక్రాల బేరింగుల్లోకి నీళ్ళు కొట్టించి దానికి సర్వీసింగ్ అని పేరు పెట్టుకున్నవాళ్ళున్నారు. 2024 మార్చిలో ఊళ్ళో నీళ్ళు లేక, తాగునీటితో బండి కడిగితే 5,000 జరిమానా అని జలమండలి ప్రకటించినప్పుడు, బెంగళూరు బేరింగులన్నీ కాస్త ఊపిరి పీల్చుకుని ఉంటాయి.

ఆయుధ పూజ నాడు ఈ ఊరు చూడాలి. హ్యాండిల్‌కు బంతిపూలు, అద్దాలకు అరటి పిలకలు, టైర్ల కింద నిమ్మకాయలు, నడివీధిలో పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ. నాకు పూజతో పేచీ లేదు. గంధం బొట్టు పెట్టడానికి వంగినవాడు పక్కనే ఉన్న చైనును చూడకుండా ఎలా లేవగలిగాడన్నదే నా ప్రశ్న. దిష్టి తీసిన గుమ్మడికాయ గుజ్జు మీద తెల్లవారి జారిపడేది అరిగిన టైరు వేసుకున్న ఇంకో బండివాడే.

ఔటర్ రింగ్ రోడ్డు మీద సిగ్నల్ పడ్డప్పుడు ఒకసారి వినండి. రెండు నెలల బండి, ట్యాంకులో మొహం చూసుకోవచ్చు, కదలగానే కింద కీచుమంటుంది. వర్షంలో తడిసి, దుమ్ము తిని, ఎర్రగా తుప్పెక్కిన చైను అది. వేలితో నొక్కితే అరచేయంత ఊగుతుంది. మామూలు కమ్యూటర్ బండికి ఆ వదులు ఉండాల్సింది రెండు మూడు సెంటీమీటర్లు. వదులైన చైను స్ప్రాకెట్ మీంచి జారితే వెనక చక్రం బిగుసుకుపోవచ్చు. వెనకాల బీఎంటీసీ బస్సు ఉంటుంది. మీ బండికి ఎన్ని లేయర్లు కొట్టించారో ఆ బస్సుకు తెలియదు.

ఇందులో నవ్వడానికేమీ లేదు. ఊళ్ళో రిజిస్టరైన వాహనాలు కోటి దాటాయి, మూడింట రెండు వంతులు ఇవే రెండు చక్రాల బండ్లు. ఏటా వేలమంది ఇరవై రెండేళ్ళ పిల్లలు ఈ ఊరొచ్చి, మొదటి జీతంతో మొదటి బండి కొంటున్నారు. డెలివరీ రోజు షోరూం వాళ్ళు అట్టముక్క తాళంచెవి చేతికిచ్చి, దండ వేసి, ఫొటో తీస్తారు. చైను ఎంత వదులుండాలి, టైరులో గాలి ఎంతుండాలి, బ్రేక్ ఫ్లూయిడ్ గాజుకన్ను ఎక్కడుంది, ఒక్కరూ వంగి చూపించరు. ఫొటోకు పది నిమిషాలు దొరుకుతాయి, దీనికి రెండు నిమిషాలు దొరకవు. ఎందుకు దొరకవంటే, తెలిసిన కుర్రాడు చైనుకు ఇంట్లోనే ఆయిల్ వేసుకుంటాడు, అందులో వీళ్ళకు రూపాయి రాదు.

పైగా ఇప్పుడు చాలా మోడళ్ళకు డబుల్ స్టాండ్ తీసేశారు. స్పోర్టీగా ఉండాలట! వెనక చక్రం నేలకు ఆనకుండా తిరిగితేనే కదా చైను తుడిచేది, ఆయిల్ వేసేది? పావుగంట పనిని మెకానిక్కు లేకుండా కాని పనిగా మార్చి, ఆ స్టాండును యాక్సెసరీగా మళ్ళీ మనకే అమ్ముతున్నారు. ఇది దోపిడీ. దీనికి వేరే పేరు వెతకనవసరం లేదు.

ఇక సర్వీస్ సెంటర్. జాబ్ కార్డు మీద "చైన్ క్లీన్ అండ్ లూబ్" ఎదురుగా టిక్కు ఉంటుంది. బండి ఇంటికొచ్చాక చైను మీద వేలు పెడితే పొడి తుప్పు అంటుకుంటుంది. మా పక్కింటి అబ్బాయి ఇదే సంగతి ఒకచోట అడిగితే, "అది నెక్స్ట్ సర్వీసులో సార్" అన్నారట. డబ్బు మాత్రం ఈ సర్వీసులోనే తీసుకున్నారు.

ఈ ఊరి ట్రాఫిక్ ఇంకో మాయ చేస్తుంది. పది కిలోమీటర్లకు అరగంట దాటుతుంది. మీటరు మీద అంకె కదలదు కానీ ఇంజిను ఆ అరగంటా తిరుగుతూనే ఉంటుంది, సగం నొక్కిన క్లచ్ అరుగుతూనే ఉంటుంది. ఇంకా కిలోమీటర్లు కాలేదు కదా అని ఆయిల్ వాయిదా వేసేవాడు ఆ మీటరుకే మోసపోతున్నాడు. మోటారు సైకిల్లో ఇంజినుకు, గేర్లకు, క్లచ్‌కు అన్నిటికీ ఒకటే ఆయిల్. చవకగా దొరికిందని కారు ఆయిల్ పోయించుకుంటే క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ2 అనో, మాన్యువల్లో చెప్పిన గుర్తో ఉందో లేదో చూడటానికి ఇంజినీరింగు డిగ్రీ అక్కర్లేదు. ఆ డిగ్రీ మున్నేకొళాలలో ప్రతి మంచానికీ ఒకటుంది కూడా.

తమ్ముళ్ళూ, శనివారం తెల్లవారుజామున నంది హిల్స్ బయల్దేరే ముందు ఒక్క పని చేయండి. బండితోపాటు ఇచ్చిన ఆ పుస్తకం ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంటుంది, చించి తీయండి. చైను పేజీ, టైరు గాలి పేజీ, బ్రేకు పేజీ చదవండి. పాత టూత్ బ్రష్షు, గుడ్డ, పుస్తకంలో రాసిన గేర్ ఆయిల్ తెచ్చుకోండి. ఇంకా బండి కొననివాళ్ళు, కోటింగ్ వేయిద్దామా అని ఆ కుర్రాడు అడగ్గానే, అది వద్దు, డబుల్ స్టాండ్ బిగించి ఇవ్వు అనండి. ఈ మోడల్‌కు రాదు సార్ అంటే పక్క షోరూంకు నడవండి.