ఇచ్చెయ్ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం

దారుంటె ఉరుకు, లేకుంటె ఇచ్చెయ్. ఏం జేస్తవో వానికి తెల్వనియ్యకు!

అవతారిక

ఇది అపౌరుషేయం కాదు. సికింద్రాబాద్ మైదానాల్లో సాయంత్రం పూట, గీత బయట నిలబడి గొంతు బొంగురుపోయిన ఏ ఫుట్‌బాల్ కోచ్ నోటనైనా వినవచ్చు. కర్త ఎవరో తేలదు. శ్రోత మాత్రం ఎప్పుడూ ఒకడే: బంతి దొరికితే ఎవరికీ ఇవ్వని పిల్లవాడు.

ప్రతిపదార్థం

దారుంటె = ఎదుటి డిఫెండరు పక్కనో, కాళ్ళ నడుమనో, కనీసము వాని ఏమరుపాటులోనో బంతి పట్టునంత సందు కలిగినచో;
ఉరుకు = బంతిని పాదమునకు దూరము కానీయక పరుగెత్తుము;
లేకుంటె = ఆ సందు లేనిచో, లేదా ఉన్నదని నీవొక్కడవే అనుకొనుచున్నచో;
ఇచ్చెయ్ = మమకారము విడిచి తోటివానికి బంతిని సమర్పింపుము;
ఏం జేస్తవో = పై రెంటిలో ఏది చేయనున్నావో;
వానికి = ఎదుట నిలిచిన డిఫెండరునకు (గట్టు మీద కూర్చున్న మేనమామకు అని కొందరు; అది అసంగతము);
తెల్వనియ్యకు = చూపుచేతగాని, భుజముచేతగాని, ముందుగా నాలుక కరచుకొనుటచేతగాని వెల్లడింపకుము.

తాత్పర్యం

ఓ బాలకా! సందు దొరికితే దూసుకుపో, దొరకకుంటే అందించు. రెంటిలో ఏదన్నది ఆఖరి క్షణం దాకా ఎదుటివాడి ఊహకు అందనివ్వకు అని భావం.

పూర్వపక్షం

సూత్రంలో సగం వ్యర్థం, పాసు ఒక్కటే చాలు. బంతికంటే వేగంగా పరుగెత్తే మనిషి లేడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన కాలపు గురువు సయ్యద్ అబ్దుల్ రహీం అంతటివారే డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టించలేదా?

సమాధానం

పెట్టించారు. అయితే అది శిక్షణకు విధించిన నియమమే గాని మ్యాచికి చెప్పిన నిషేధం కాదు. రహీం సాబ్ స్వతహాగా బడిపంతులు. బలహీనమైన కాలితోనే ఆడాలని కూడా పోటీలు పెట్టారు. అంతమాత్రాన బలమైన కాలు పాపిష్టిదా? ఏకాదశి ఉపవాసం అన్నం మీద కోపంతో చేసేది కాదు.

ఉదాహరణం

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం. రహీం శిష్యుడు, పీకే బెనర్జీ, చునీ గోస్వామిలతో కలిపి త్రిమూర్తులని పేరుపడ్డవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడు; 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. బంతితో చొచ్చుకుపోవడమూ వచ్చు, చక్కగా అందించడమూ వచ్చు. ఇటువంటివాడి కాలికి బంతి చేరితే డిఫెండరు ఏం చేయాలి? మీద పడితే పాసు పోతుంది, వెనక్కి తగ్గితే మనిషే పోతాడు. ఉరకగలడన్న భయమే పాసుకు దారి తీస్తుంది. పాసు ఇవ్వగలడన్న భయమే ఉరకడానికి దారి ఇస్తుంది.

శాఖాంతరం

అమెరికా ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టుకుని ఉరుకుతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు దాటాలి. బంతిని ముందుకు విసరడం 1906లో గాని చెల్లుబాటు కాలేదు. ఆనాటి నుంచి ఉరకడం ఎంత, విసరడం ఎంత అన్న తగవు తెగలేదు. పరుగును ఆపాలని డిఫెండర్లు ముందుకు గుమిగూడితే వెనక ఖాళీ. పాసును ఆపాలని వెనక్కి చెదిరితే ముందు ఖాళీ. కనుక దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతిని పక్కవాడి పొట్టకు ఆనించినట్టే ఆనించి, వాళ్ళు ముందుకు ఉరికాక, దూరంగా విసురుతాడు. మన సూత్రంలోని మూడో పాదానికి వాళ్ళ వ్యాఖ్య ఇదే. సమతూకమంటే చెరిసగం పంపకం కాదని దీనివల్ల సిద్ధం. పదింట ఏడు పాసులైనా సరే, తర్వాతిది ఏదో ఎదుటివాడు చెప్పలేకపోతే తూకం సరిపోయినట్టే.

అలంకారం

సందేహం. కావ్యంలో అది కవికి కలుగుతుంది, ఇక్కడ డిఫెండరుకు.

ఫలశ్రుతి

దీనిని నిత్యం పఠించినవాడికి అడుగడుగునా సందు దొరుకుతుంది. ఎదుటి జట్టువాడు కూడా పఠిస్తే ఫలం సున్న. కనుక ఈ వ్యాఖ్య మ్యాచ్ అయ్యేదాకా అవతలివారికి చూపరాదు.