చిల్లర పందేనికి పెద్ద చదువు

చిన్న పందేల ఆన్‌లైన్ పోకర్‌లో రాణించాలంటే వారానికొక లక్ష్యం, ఆడిన ఆటల సమీక్ష, బ్యాంక్‌రోల్, అనగా పందేలకే విడిగా ఉంచిన సొమ్ము, తప్పనిసరని చెప్పే పాఠాలు కాశీబుగ్గ సెల్‌ఫోన్లకూ అందుతున్నాయి. పలాస జీడిపప్పును 240, 320 అని గ్రేడు కట్టినట్టు తన తప్పులకు గ్రేడు కట్టుకునే అభ్యాసకుడు, పందెపు మొత్తం నుంచి నిర్వాహకుడు మినహాయించుకునే ‘రేక్’ అనే రుసుము చిన్న పందేలలోనే దామాషాలో ఎక్కువన్న లెక్కను మాత్రం (లెక్కలంటే అంత ప్రీతి ఉన్నా) వచ్చే వారపు లక్ష్యాలలోకి నెడతాడు. ఇక డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 2020లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, కేంద్రం 2025లో కొత్త చట్టం చేసి నిషేధించిన సంగతి ఆ పాఠ్యప్రణాళికలో కానరాదు. అది పోస్టుగ్రాడ్యుయేట్ స్థాయిలో, జామీనుదారుల సమక్షంలో బోధించే అంశం కాబోలు.