మూడు వందల్లో విలుకాడు

మన దగ్గర విలుకాళ్లలో పెద్దవాడు అర్జునుడు. ఆయన వేసిన వేషాల్లో బాగా పండింది మాత్రం విల్లును జమ్మిచెట్టు మీద దాచిపెట్టి, విరాటుడి కొలువులో ఆడపిల్లలకు ఆట నేర్పిన బృహన్నల వేషం. ఏడాదిపాటు ఒక్కరూ గుర్తుపట్టలేదు. మీ పిల్లవాడికి మీరు కట్టబోయే హాకై వేషానికి కూడా అదే గతి. కాకపోతే అర్జునుడు గుర్తుపట్టొద్దని మొక్కుకున్నాడు, మీవాడు గుర్తుపట్టలేదని ఏడుస్తాడు. ఇది ముందే తెలుసుకుని ఖర్చు పెట్టండి.

మా ఇంట్లో ఇది ఫోన్‌తో మొదలైంది. టెక్సస్‌లో ఫ్రిస్కో అనే ఊళ్లో ఉండే మా అక్క వీడియో కాల్‌లో కొడుకును చూపించింది. హాలోవీన్‌కు వాడు హాకై అట. నలభై ఐదు డాలర్లు పెడితే పెట్టెలో అన్నీ వచ్చాయి, విల్లుతో సహా. అదే వారం కరీంనగర్‌లో మావాడి బడి నుంచి వాట్సాప్ మెసేజ్: అక్టోబర్ 31న పిల్లలు నచ్చిన వేషంలో రావాలి, తల్లిదండ్రులు సహకరించగలరు. బడి భాషలో సహకారం అంటే ఏమిటో ఫీజులు కట్టేవాళ్లకు చెప్పక్కర్లేదు. మావాడికి ఎనిమిదేండ్లు. బావ ఏ వేషం వేస్తే తనకూ అదే కావాలన్నాడు.

మొదటి మెట్టు: ఎవరి వేషమో మీరైనా తెలుసుకోండి. హాకై అమెరికా కామిక్ పుస్తకాల్లో 1964లో పుట్టాడు. వచ్చిందే విలన్‌గా, ఐరన్ మ్యాన్ మీదికి. తర్వాత బుద్ధి తెచ్చుకుని అవెంజర్స్‌లో చేరాడు. విలువిద్య నేర్చింది సర్కస్‌లో. ఎగరలేడు, గోడలు పాకలేడు, ఉన్నదల్లా గురి. చుట్టూ దేవుళ్లూ రాక్షసులూ కొట్టుకుంటుంటే మధ్యలో విల్లు పట్టుకుని నిలబడతాడు, సర్కారు దవాఖానలో డ్యూటీ డాక్టర్ లెక్క. నాకైతే ఇష్టమైపోయాడు. ఇతనికన్నా ముందు, 1941లోనే, గ్రీన్ యారో అని ఇంకో కంపెనీ విలుకాడు ఉన్నాడు. ఆయన జోలికి పోకండి. ఆకుపచ్చ బట్టలు, నెత్తిన ఈక గుచ్చిన టోపీ చూస్తే మా వీధిలో పెళ్లి బ్యాండుకు బయానా ఇచ్చేస్తారు.

రెండో మెట్టు: వేషాలు కిరాయికిచ్చే దుకాణానికి ఒక్కసారి పోయి రండి. తెచ్చుకోవడానికని కాదు, ఆశ తీరడానికి. దండెం మీద వరసగా కృష్ణుడు, ఝాన్సీ లక్ష్మీబాయి, భరతమాత, గాంధీ వేలాడుతున్నారు. హాకై కావాలన్నాను.

"గా పేరుది లేదు సార్. రాముడున్నడు. కిరీటం తీస్తే అల్లూరి. కాషాయం గూడ తీస్తే ఏకలవ్యుడు. విల్లు ఒక్కటే."

కిరాయి ఆరు వందలు, డిపాజిట్ వెయ్యి. విల్లు విరిగితే డిపాజిట్ మీద ఆశ వదులుకోవాలి. నవ్వుకుంటూ బయటికొచ్చాను గానీ, దారిలో ఆలోచిస్తే ఆ మనిషి రాజమౌళి కన్నా ముందున్నాడనిపించింది. 2022 మార్చిలో వచ్చిన ఆర్ఆర్ఆర్‌లో అడవిలోని రాముడి విగ్రహం దగ్గరి కాషాయం, విల్లంబులు రామ్ చరణ్ మీదికి రాగానే అల్లూరి తయారయ్యాడు కదా. అసలు అల్లూరి 1922 ఆగస్టులో వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి ఎత్తుకుపోయినవి తుపాకులు. ఆయన 1924లో పోయాడు. మా కొమురం భీం జోడేఘాట్ గుట్టల్లో నేలకొరిగింది 1940లో. ఇద్దరూ ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి పోరాడింది సినిమాలోనే. అయినా ఫ్యాన్సీ డ్రెస్‌లో అల్లూరి చేతికి విల్లే ఇస్తాం. తుపాకీ పంపిస్తామంటే ప్రిన్సిపాల్ మేడం ఒప్పుకోరు.

మరీ చౌకగా పోవాలంటే ఏకలవ్యుడే. కిరీటం లేదు, నగలు లేవు, గురువుకు ఫీజు లేదు. అనుకుంటాం. ఫీజు ఆఖర్న ఒకేసారి కట్టించుకుంటారు. ఈ కథ చెప్తే మావాడు రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. ఇప్పటి ఒలింపిక్ పోటీల్లో నారి లాగేది చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలితోనే, బొటనవేలికి అక్కడ పని లేదు. ద్రోణాచార్యుడికి ఈ పద్ధతి తెలిసుంటే ఏం అడిగేవాడో ఊహించి, ఆ వేషం వదిలేశాం.

ఇక విల్లు. ఇంటర్నెట్ వీడియోలో పీవీసీ పైపును వేడిచేసి వంచమని ఉంది. మీరూ తప్పకుండా చేయండి, గ్యాస్ పొయ్యి మీదే చేయండి. ఇల్లంతా వాసన నిండి, "ఏందండీ ఇది, పప్పు మాడిందా ప్లాస్టిక్ మాడిందా?" అని ఇంటామె వంటింట్లోకి వచ్చేసరికి పైపు వంగి ఉంటుంది, మీరు కోరుకున్న దిక్కుకు మాత్రం కాదు. ఆ తర్వాత బుద్ధిగా మేదరివాళ్ల దగ్గరికి పోండి. అరవై రూపాయలకు పచ్చి వెదురు బద్ద ఇస్తారు. కణుపు సరిగ్గా నడిమికి వచ్చేటట్టు చూసుకోవాలి, చెయ్యి పట్టే చోటు అదే. వెదురు కణుపు దగ్గర వంగదు, మొండికేస్తుంది. రెండు కొసల వైపు పోనుపోను సన్నగా చెక్కితే విల్లు తనంతట తానే వంగుతుంది. బద్ద చెక్కిన ముసలాయన విల్లును చెవి దగ్గర పెట్టుకుని నారిగా కట్టిన సుతిలిని మీటి చూశాడు. "మోగుతుంది గదా, సాలు" అన్నాడు. నలభై ఐదు డాలర్ల విల్లు మోగదు, అక్కను అడిగి తెలుసుకున్నాను.

బాణాలకు దమ్మిడీ ఖర్చు పెట్టకండి. హాలోవీన్ దీపావళి వెనకాలే వచ్చిన ఏడు ఉన్న ఒకే ఒక్క లాభం ఇది. తెల్లారి లేచి డాబా ఎక్కితే వాడవాడ రాకెట్లు మీ ఇంటి మీదే పడి ఉంటాయి. తిన్నని సన్నని పుల్లలు, కొస కొంచెం కాలి నల్లబడి, అసలైన యుద్ధం చూసొచ్చినట్టుంటాయి. మాకు పదకొండు దొరికాయి. కొసలకు ఎరేజర్ ముక్కలు గుచ్చాలి, లేకపోతే బడిగేటు దగ్గరే జప్తు అవుతాయి. అమ్ములపొదికి షటిల్ కాక్ డబ్బా సరిగ్గా సరిపోతుంది. అమ్ములపొది అంటే ఏంటని అడిగితే మావాడు, "మిసైల్స్ పెట్టేది" అన్నాడు. తప్పు వాడిది కాదు. మన పేపర్లలో ఆ మాట క్షిపణి పరీక్షల వార్తల్లో తప్ప ఎక్కడా కనబడదు.

బట్ట దగ్గర నేను మరీ తెలివికి పోయాను. పుస్తకాల్లో హాకైది ఊదారంగు, అంటే మన వంకాయ రంగు. మా అవ్వ పెట్టెలో సరిగ్గా ఆ రంగు బతుకమ్మ చీర మడత విప్పకుండా ఉంది. 2017 నుంచి సర్కారు పంచిన చీరల్లో ఒకటి, సిరిసిల్ల మరమగ్గాల మీద నేసింది. "కట్టుకోని చీర కోస్తే ఏమైతది అవ్వా?" అంటే, "కోస్తే చీర పోతది" అంది గానీ ఇచ్చింది. దర్జీకి నూటయాభై. అంచును పారేయడం ఇష్టం లేక ఆయన దాన్నే నడుం పట్టీగా, భుజం పట్టీగా కుట్టాడు. ఆ విధంగా అవెంజర్స్‌లో జరీ అంచున్న మొదటి మనిషి మావాడు.

ఈకల దగ్గర కాస్త ఆగాలి. బాణం వెనక ఈకలుంటేనే తిన్నగా పోతుందని మావాడికెవరో చెప్పారు. మా బాపు ఉట్నూరు దిక్కు పదకొండేండ్లు పంతులుగా చేసి వచ్చాడు. ఆయన ట్రంకు పెట్టెలో నెమలి ఈకల చిన్న కట్ట ఉంది. దాని మీద కన్నేసి, తాతను మంచి చేసుకుందామని వీడు హాలోవీన్ అంటే ఏంటో చెప్పడం మొదలుపెట్టాడు: వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు, పోయినచోటల్లా తినడానికి పెడతారు.

"గిదేం కొత్త ముచ్చటరా? దీపావళికి దండారి పోతది గదా" అన్నాడు బాపు.

గోండు గూడేల్లో దీపావళి రోజుల్లో ఒక గూడెం దండారి ఇంకో గూడేనికి చుట్టంగా పోతుంది. డప్పులు, గుమేలలు, ముందు గుస్సాడీలు: నెత్తిన నెమలి ఈకల పెద్ద టోపీ, ఒంటి నిండా బూడిద. దీక్ష దిగేదాకా స్నానం ఉండదు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి విందు పెడతారు. మార్లవాయి కనకరాజుకు పద్మశ్రీ తెచ్చింది ఆ ఆటే. పురస్కారం వచ్చింది 2021లో. 2024లో దీపావళికి కొద్దిరోజుల ముందు ఆయన పోయాడు. ఆ ఏడు దీపావళి, హాలోవీన్ ఒక్కనాడే పడ్డాయి, అక్టోబర్ 31న. ఎవరి వేషాలు వాళ్లవి, ఎవరి ఇండ్లు వాళ్లవి.

"అయితే ఒక్క నాలుగు ఈకలియ్యి తాతా, వేషానికి."

"గుస్సాడీది వేషం గాదు బిడ్డా. అది నెత్తికి పెట్టుకున్నంక ఆడు దేవుడు. నువ్వు దేవునివా?"

మావాడు కాసేపు ఆలోచించి కాదన్నాడు. బాణాలకు అట్టముక్కలు అంటించాం. మీరూ అట్టముక్కలే అంటించండి.

అన్నీ అయ్యాక ఒక హెచ్చరిక. పిల్లవాడికి నిజమైన విలుకాళ్లను చూపించకండి. 2025 ఆగస్టులో కెనడాలోని విన్నిపెగ్‌లో ప్రపంచ యూత్ పోటీల్లో, కాంపౌండ్ విల్లు అండర్-21లో స్వర్ణం కొట్టిన తానిపర్తి చికిత మన పెద్దపల్లి జిల్లా అమ్మాయి. పెద్దపల్లి మాకు బస్సులో గంట దూరం. ఫైనల్లో పదిహేను బాణాలకు 150లో 142 కొట్టి కొరియా అమ్మాయిని ఓడించింది. ఫోన్‌లో చూపిస్తే మావాడు నిరాశపడ్డాడు. "మాస్క్ లేదేంది డాడీ?" చేతిలో లక్షల ఖరీదుచేసే, కప్పీలున్న విల్లు, ఒంటి మీద మామూలు ఆటగాళ్ల జెర్సీ. ఆమె అట్లాగే మా బడి పోటీకి వస్తే, విల్లు పక్కన పెట్టించి, "క్రికెటరా అమ్మా?" అని అడుగుతారు. ప్రోత్సాహక బహుమతి కూడా రాదు.

పోటీ రోజు నా లెక్క ఇదీ: వెదురు అరవై, దర్జీ నూటయాభై, సుతిలి, రంగు కలిపి నలభై ఐదు, నల్ల కళ్లద్దాలు ముప్పై. మొత్తం రెండు వందల ఎనభై ఐదు. మిగిలిన పదిహేను రూపాయలు దారి ఖర్చు.

స్కూటీ మీద ముందు నిలబెట్టుకుని బయల్దేరాను. సందు మలుపులో ఆటో అన్న చేతులు జోడించి, "రామయ్య ఏడికి బయలెల్లిండు?" అన్నాడు. టవర్ సర్కిల్ దగ్గర పూలమ్మే ఆమె, "అల్లూరి సీతారామరాజు మంచిగున్నడు" అని బంతిపువ్వు ఒకటి వీడి చెవిలో పెట్టింది. వద్దనడానికి లేదు, సిగ్నల్ పడింది. బడిగేటు దగ్గర వాచ్‌మన్ ఎరేజర్లు నొక్కి చూసి, "ఒక్కపారి మూడు బాణాలెయ్యి బాహుబలీ" అన్నాడు. లోపల ఆసిఫాబాద్ నుంచి కొత్తగా వచ్చిన టీచర్ ప్రేమగా, "కొమురం భీమా నాన్నా?" అని అడిగింది. ప్రతిసారీ మావాడు ఓపిగ్గా "హాకై" అన్నాడు. ఆ మాట ఎవరి చెవికీ పేరులాగా వినబడలేదు. మైకు పట్టుకున్న సారు చీటీ చదువుకుని, ఒక్క క్షణం తటపటాయించి, "ఇప్పుడు మీ ముందుకు రాబిన్ హుడ్" అన్నాడు.

మొదటి బహుమతి ఒకటో తరగతి పాపకు. వాళ్లమ్మ తెల్లచీర, విరబోసిన జుట్టు, కాళ్లకు గజ్జెలు. ఖర్చు సున్నా. స్టేజీ మీదికి రాకముందే, గజ్జెల చప్పుడుకే, దయ్యమని బడంతా గుర్తుపట్టింది.

మావాడికి పాల్గొన్నందుకు సర్టిఫికెట్ ఇచ్చారు. అందులో పాత్ర పేరు దగ్గర గీత ఖాళీగా వదిలారు, ఎవరికి తోచింది వాళ్లు రాసుకోవచ్చని. ఇంటికొచ్చి వాడు అన్నం తినకుండా విల్లు పట్టుకుని డాబా ఎక్కాడు. నేనూ వెనకే ఎక్కాను. నీళ్ల ట్యాంకు మీద కోతులున్నాయి, ఏడెనిమిది. కరీంనగర్‌లో ఇండ్లు కట్టింది మనం, ఉండేది అవి. మావాడు రాకెట్ పుల్ల తీసి, సుతిలిని చెవి దాకా లాగి వదిలాడు. బాణం నాలుగు బారల దూరంలో పడింది. కోతులు మాత్రం ఒక్కటి మిగలకుండా పక్కింటి మీదికి దుమికి పారిపోయాయి.

మావాడు నా వైపు తిరిగాడు. వాడి మొహం వెలిగిపోతోంది. "చూసినవా డాడీ, అవి నన్ను రాముడనుకోలే."